నీళ్ళు పోసిన చెయ్యి

నన్ను ఎదురుగా చూస్తే మామూలు మనిషినే. పక్కనుంచి చూస్తేనే చిక్కు. కింది పెదవి దాటాక ముఖం మళ్ళీ కాస్త ముందుకు రావాలి గదా, నాకు అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళిపోయి, అటునుంచి అటే మెడలో కలిసిపోతుంది. ఎవరినైనా బతిమాలాలంటే గడ్డం పట్టుకోవడం మనవాళ్ళ అలవాటు. చిన్నప్పుడు అన్నం తినమని నన్ను బతిమాలేటప్పుడు మా అమ్మ బుగ్గలు పట్టుకునేది. గడ్డం పట్టుకుందామంటే చేతికి దొరికితేగా! ఈ మాట నేనంటే అందరూ నవ్వొచ్చు. ఇంకొకరు అంటే మాత్రం ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఇంట్లో దీనికి దేవుణ్ణిగాని, వంశాన్నిగాని ఎవరూ తప్పుపట్టలేదు. తప్పు ఒక మనిషిదని మా అమ్మ తీర్మానించేసింది. నాకు పసితనంలో నీళ్ళు పోసినావిడది.

ఇది ఇప్పటి వాళ్ళకి చెబితే నమ్మరు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. మా కోస్తా ఇళ్ళల్లో చంటిపిల్లకి నీళ్ళు పోయడమంటే మురికి వదిలించడం కాదు, ముఖం దిద్దడం. చేయి తిరిగిన పెద్దావిడ పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపుకుంటుంది. పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టి, ఒళ్ళంతా నూనె పట్టించి, తల గుండ్రంగా రావాలని అరచేతులతో ఒత్తుతుంది. ముక్కు కొనదేరాలని రెండు వేళ్ళతో లాగుతుంది. గడ్డం తీరుగా రావాలని బొటనవేలితో పట్టి ముందుకు సాగదీస్తుంది. పిల్ల ఏడ్చి ఏడ్చి, సాంబ్రాణి పొగ పట్టగానే సోలిపోయి నిద్రపోతుంది. నెల, నెలన్నర ఇలా చేస్తే ముఖం కుదురుతుందని మావాళ్ళ నమ్మకం. మొక్కై వంగనిది మానై వంగునా అని మా అమ్మ అస్తమానం వాడే సామెత నా గడ్డం కోసమే పుట్టిందనుకునేదాన్ని.

మా అక్క అమ్మమ్మగారింట్లో, తెనాలి దగ్గర పల్లెలో, అమ్మమ్మ చేతుల మీద పుట్టింది. చక్కటి ముక్కు, చక్కటి గడ్డం. నా వంతు వచ్చేసరికి యాభై ఆరో సంవత్సరం వచ్చింది. నాన్న కర్నూల్లో ప్రభుత్వ గుమాస్తా. రాజధాని హైదరాబాదుకి మారింది. ఫైళ్ళతో పాటు గుమాస్తాలూ, గుమాస్తాలతో పాటు నిండు నెలల ఇల్లాళ్ళూ రైలెక్కారు. నాంపల్లి స్టేషన్లో ఇంజను కూత పెడితే గిన్నెలు అదిరేంత దగ్గర్లో, ఒక సందులో, వాకిలి చుట్టూ గదులున్న పాతకాలపు ఇంట్లో రెండు గదులు కిరాయికి దొరికాయి. దిగిన మూడో వారంలో నేను పుట్టాను. పురిటికి రావలసిన అమ్మమ్మ కాలుజారి పడి మంచం పట్టింది. మంత్రసాని వెళ్ళిన మర్నాటినుంచే అమ్మకి జ్వరం. నెల పైచిలుకు తల ఎత్తలేదు. చుట్టుపక్కల వాళ్ళు మాట్లాడేది సగం తెలుగు, సగం ఉర్దూగా వినిపించే కొత్త ఊళ్ళో, నాన్న ఆఫీసుకి పోతే మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా లేదు. అప్పుడు నన్ను చేతుల్లోకి తీసుకున్నావిడ ఆ ఇంటి యజమానురాలు.

ఆవిడని నేను పెద్దమ్మ అంటాను. ఎన్నో తరాలుగా హైదరాబాదులోనే ఉన్న కుటుంబం వాళ్ళది. పెదనాన్న నాంపల్లి కోర్టులో గుమాస్తా. ఇద్దరు కొడుకులు అప్పటికే బడికి పోతున్నారు, ఆడపిల్ల లేదు. పెద్దమ్మ పొడగరి, గొంతు పెద్దది, చేతులు ఇంకా పెద్దవి. ఆ చేతులతో ఆ వాడలో ఎందరు పసివాళ్ళకి తానం పోసిందో ఆవిడకే లెక్క తెలియదు. పైసా తీసుకునేది కాదు. పురుడొచ్చిన ఇంటివాళ్ళు పిలిస్తే చాలు, కొంగు బిగించుకుని బయల్దేరేది. అదే ఆవిడకి గౌరవం, అదే సంబరం.

మా అమ్మ మేలు మరిచే మనిషి కాదు. కొత్తావకాయ కలిపిన రోజున మొదటి జాడీ పెద్దమ్మకే. కానీ ఆ జాడీ ఇస్తూ కూడా అనేది. "అన్నీ చేశారు అక్కయ్యగారూ, దీని గడ్డం ఒక్కటి వదిలేశారు."

పెద్దమ్మ కాదనేది కాదు. "ఔ చెల్లె, నేను దాని గదువ గుంజలే" అనేది. గదువంటే వాళ్ళ మాటలో గడ్డమే. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. తప్పు ఒప్పేసుకున్న మనిషిని ఇంకేమంటారు? కానీ మా అమ్మ అనగలదు. నాకు ఐదేళ్ళప్పుడు "పాపం, వీలు చిక్కలేదేమో" అన్న మనిషి, పదేళ్ళొచ్చేసరికి "బద్ధకించారు" అంది. పదిహేనేళ్ళొచ్చేసరికి "ఆ చేతికి హస్తవాసి లేదు" దాకా వచ్చింది. ఆ సందులో మావైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఆరేడుండేవి. ఏ ఇంట్లో పురుడొచ్చినా నీళ్ళు ఎవరిచేత పోయిద్దామని మా అమ్మని అడిగేవారు. అమ్మ నోటితో చెప్పనక్కర్లేదు, నన్ను పిలిచి పక్కకి తిరగమనేది. అంతటితో ఆ ఇంటి తలుపు పెద్దమ్మకి మూసుకునేది. ఆవిడ నూనెగిన్నె పట్టుకుని చూడబోతే, కాఫీ ఇచ్చి, "మా అత్తగారు వస్తున్నారండీ" అని మర్యాదగా పంపించేవారు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. పెద్దమ్మ ఆ గిన్నె అలాగే పట్టుకుని తిరిగొచ్చింది. ఇంటికొచ్చి ఆ నూనె తన మోకాళ్ళకి రాసుకుంది.

నాకు పదేళ్ళప్పుడు పెద్దమ్మ నన్ను నుమాయిష్‌కి తీసుకెళ్ళింది. ఏటా జనవరి వస్తే మా సందు సందంతా ఎగ్జిబిషన్ మైదానంలోనే ఉండేది. అక్కడ ఒక డేరాలో వంకర అద్దాలు పెట్టారు. ఒకదాంట్లో పొట్టిగా, ఒకదాంట్లో సన్నగా కనబడుతూ జనం పడీపడీ నవ్వుతున్నారు. ఒక అద్దంలో మాత్రం ముఖం కిందకి సాగి, నాకు గడ్డం వచ్చింది. నేను తల అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ నిలబడిపోయాను.

"ఏంది బిడ్డా, గాడ్నే నిలబడ్డవ్? పోదాం రా" అంది పెద్దమ్మ.

"పెద్దమ్మా, ఇందులో నేను బాగున్నాను గదా" అన్నాను.

ఆవిడ అద్దంలో నన్ను చూసింది, తర్వాత నన్ను చూసింది. కొంగుతో నా ముఖం తుడిచి, ఏడవకపోయినా తుడిచి, మిఠాయి కొనిపెట్టింది. ఆ రోజు దారంతా నా చేయి వదల్లేదు.

ఇక నివారణోపాయాల గురించి చెప్పాలంటే ఒక పుస్తకం అవుతుంది. అక్క తెచ్చే వారపత్రికలో అందచందాల శీర్షిక ఉండేది. అందులో చెప్పినట్టు తల వెనక్కి వాల్చి పైకప్పుని ముద్దుపెట్టుకుంటున్నట్టు మూతి ముడిచి యాభైసార్లు చేసేదాన్ని. మెడ పట్టేసింది తప్ప గడ్డం రాలేదు. ఇంట్లో ఉన్నప్పుడు గడ్డం కిందనుంచి నడినెత్తి మీదకి గుడ్డ కట్టుకోమని మరొకరు చెప్పారు. అది కట్టుకుని కూర్చుంటే నాన్న "పన్నునొప్పా అమ్మా?" అని అడిగి లవంగం తెచ్చిచ్చారు. ఆబిడ్స్‌లో అమ్మ రవికెలు కుట్టించే దర్జీ, మెడ కనబడకుండా కాలరు పెట్టి కుట్టాడు. అది తొడుక్కుంటే ఉన్న కాస్త మెడా పోయి, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టుండేది. జడ ఎత్తుగా వేస్తే ముఖం ముందుకు కనిపిస్తుందన్నారు. అదీ చేశాం. ఆముదం కాచి గడ్డానికి రుద్దడం అమ్మ వంతు. ఆ రుద్దుడుకి చర్మం కందింది కానీ ఎముక వినలేదు.

అన్నిటికంటే బాగా పనిచేసింది ఆబిడ్స్ ఫొటో స్టూడియో. నాకు పందొమ్మిదేళ్ళొచ్చాయి. టైపు పాసై, గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. అమ్మ సంబంధాలు చూడ్డం మొదలుపెట్టి నన్ను స్టూడియోకి తీసుకెళ్ళింది. ఫొటోగ్రాఫరు నన్ను అటు కూర్చోబెట్టి, ఇటు కూర్చోబెట్టి, దీపాలు జరిపి జరిపి విసిగి, "ఫరవాలేదమ్మా, నెగెటివ్ మీద చూసుకుంటాం" అన్నాడు. వారానికి ఫొటో వచ్చింది. నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో ఎవరో చక్కగా గడ్డం గీశారు, దాని కింద నీడ కూడా పెట్టారు. నాన్న కళ్ళజోడు సర్దుకుని చూసి, "అమ్మాయి లక్షణంగా ఉంది. ఎవరి తాలూకు?" అన్నారు. అమ్మ ఆయన చేతిలోంచి లాక్కుని కవర్లో పెట్టేసింది.

ఆ ఫొటో చూసే ఒక ఆదివారం మధ్యాహ్నం పెళ్ళివారొచ్చారు. పెళ్ళికొడుకు తల్లి, అత్తయ్య, ఇంకో పెద్దమనిషి. మా ఇంట్లో మంచి కప్పులు లేవని పెద్దమ్మ తన పింగాణీ కప్పులిచ్చింది. మిరపకాయ బజ్జీలు తనే వేస్తానంది. నేను తల వంచుకుని కూర్చున్నంతసేపూ బాగానే ఉంది. అవతలి గదిలోంచి ఎవరో పిలిస్తే తల పక్కకి తిప్పాను. పెళ్ళికొడుకు తల్లి సంచీలోంచి ఫొటో తీసి, ఒకసారి దాన్నీ, ఒకసారి నన్నూ చూసి, "ఈ ఫొటోలో ఉన్నది పెద్దమ్మాయా అండీ?" అని అడిగింది. ఆవిడ వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగింది. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

అమ్మ ఆ ఫొటో అందుకోబోయింది. "పెద్దదానికి పెళ్ళయిపోయిందండీ, ఇది ఇదే" అని తడబడి, తర్వాత గొంతు పెంచింది. "మా వంశంలో ఇలాంటి గడ్డం ఎవరికీ లేదండీ. పురిట్లో నాకు జ్వరం. మావాళ్ళెవరూ దగ్గర లేరు. ఎవరిచేతో నీళ్ళు పోయించాం. హస్తవాసి లేని చెయ్యి, పిల్ల ముఖం పాడుచేసింది."

బజ్జీల పళ్ళెం పట్టుకుని పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నేను చూశాను, అమ్మా చూసింది. పెద్దమ్మ పళ్ళెం కిటికీ మీద పెట్టి, వేడి తగలకుండా పట్టుకున్న గుడ్డ మడిచి పక్కన పెట్టి, వాకిలి దాటి తన గదిలోకి వెళ్ళిపోయింది. పెళ్ళివారు కప్పుల్లో కాఫీ సగం వదిలేసి వెళ్ళారు.

ఆ రోజునుంచి పెద్దమ్మ మా గుమ్మం ఎక్కలేదు. కుళాయి దగ్గర ఎదురైతే "తిన్నవా బిడ్డా" అని అడిగేది, నా తల నిమిరేది. కానీ మా గదిలోకి రమ్మంటే "పనున్నది" అనేది. అమ్మకి లోపల గుచ్చుకుంటూనే ఉందని నాకు తెలుసు. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడం మా అమ్మకి చేతకాదు. నాకు మాత్రం ఇల్లు రెండు ముక్కలైనట్టుంది. నేను అమ్మకి ఎంత కూతుర్నో ఆవిడకీ అంతే. ఆవిడ వేలు పట్టుకునే నడక నేర్చాను, ఆవిడ దగ్గరే ఎక్కాలూ నేర్చాను, వాళ్ళింట్లో జొన్నరొట్టె తినే పెరిగాను.

ఇంతలో అక్క పురిటికొచ్చింది, ఏడో నెల. అమ్మ అప్పుడే నీళ్ళు పోయడానికి ఖైరతాబాదులో ఎవరో పెద్దావిణ్ణి మాట్లాడి పెట్టింది. మా వాకిలి అవతల వాడలోకెల్లా పేరున్న చేతులుండగా, ఖైరతాబాదు నుంచి మనిషిని పిలిపిస్తున్నారంటే సందులో అందరికీ అర్థమైంది. పెద్దమ్మకీ అర్థమైంది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పెదనాన్న కోర్టు కబుర్లు వింటూ పెరిగినదాన్ని, సాక్ష్యం లేకపోతే కేసు నిలవదని నాకు తెలుసు. ఈ కేసులో సాక్ష్యం నా గడ్డం. దాన్ని సరిచేయించేస్తే పెద్దమ్మ మీద నేరం కొట్టేసినట్టే.

ఆపరేషన్ చేయించుకుంటానని ఇంట్లో చెప్పాను. అమ్మ "అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా" అని నెత్తి కొట్టుకుంది. "గడ్డమే లేదు కదే దానికి" అన్నారు నాన్న. ఆయన నవ్వించబోయారని తెలుసు, అయినా ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆఫీసులో పర్మిషన్ పెట్టి పెద్ద దవాఖానకి ఒక్కదాన్నే వెళ్ళాను. ముఖాలు బాగుచేసే డాక్టరు గది ముందు కాలినవాళ్ళు, లారీ గుద్దినవాళ్ళు, పెదవి చీలిన పసివాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య కూర్చుంటే నా గడ్డం గురించి నోరు తెరవడానికే సిగ్గేసింది. నా వంతొచ్చాక గబగబా చెప్పేశాను. డాక్టరు నడివయసు మనిషి, విసుగు ముఖం. నా తల పక్కకి తిప్పి, దవడ వేళ్ళతో తడిమి, నోరు తెరిపించి చూసి, చీటీ వెనక నా ముఖం బొమ్మ గీశాడు. ఏమీ దాచని గీత. స్టూడియోవాడికీ ఈయనకీ ఎంత తేడా అనుకున్నాను.

"మీకు మెడ దగ్గర ఉన్నది కొవ్వు కాదమ్మా. దవడ పొట్టిగా ఉండటంవల్ల చర్మం అలా జారినట్టు కనిపిస్తోంది. కాబట్టి మెడకి చేసేదేమీ లేదు, చేస్తే దవడకే చెయ్యాలి" అన్నాడు. ఉన్న దారులు మూడని చెప్పాడు. తుంటి ఎముక నుంచి చిన్న ముక్క తీసి గడ్డం ముందు అతికించడం ఒకటి. అది ఒక్కోసారి కొన్నాళ్ళకి అరిగిపోతుంది. సిలికాన్ అని రబ్బరులాంటి పదార్థం ఉంది, దాన్ని చెక్కి లోపల పెట్టడం రెండోది. అది తెప్పించుకోవాలి, చీము పడితే మళ్ళీ తీసెయ్యాలి. గడ్డం ఎముకనే అడ్డంగా కోసి, ముందుకి జరిపి, తీగతో కట్టడం మూడోది. కింది పెదవి కొన్నాళ్ళు తిమ్మిరెక్కి ఉంటుంది, కొందరికి ఆ తిమ్మిరి పోదు. నిజం చెప్పొద్దూ, తుంటి ఎముక మాట దగ్గరే నా ధైర్యం సగం పోయింది.

అయినా అడగవలసింది అడిగాను. "పసితనంలో నీళ్ళు పోసేటప్పుడు సాగదీసి ఉంటే వచ్చేదా అండీ?"

"ఎముక చపాతీ పిండా అమ్మా, సాగడానికి?" అన్నాడు. అని, చీటీ మీద రాయబోయి ఆగాడు. "పుట్టినప్పుడు మీకు ఊపిరికి ఇబ్బంది అయిందా? వెల్లకిలా పడుకోబెడితే నీలంగా మారడం, పాలు మింగలేకపోవడం?"

"అలాంటిదేమీ లేదండీ. అమ్మకి జ్వరమైతే మా పెద్దమ్మ చూసుకుంది. ఆవిడ ఏమీ చెప్పలేదు."

"ఇంత పెరిగాక ఇలా ఉందంటే పుట్టినప్పుడు ఇంకా లోపలికి ఉండి ఉండాలి. అలాంటి పిల్లలకి నాలుక వెనక్కి పడి గొంతుకి అడ్డం వస్తుంది. బోర్లా పడుకోబెట్టి, కన్ను మూయకుండా కనిపెట్టుకుని ఉండాలి. చూసేవాళ్ళు లేక చనిపోయిన పిల్లల్ని నేను చూశాను. మీ పెద్దమ్మ నర్సా?"

"నాలుగో తరగతి చదివింది."

"అయితే ముందు ఆవిణ్ణి అడిగి రండి. మీ ఆపరేషన్ ఎక్కడికీ పోదు" అన్నాడు.

బస్సెక్కకుండా ఇంటికి నడిచొచ్చాను. పెద్దమ్మ వాకిట్లో చేట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చుని అడిగేశాను. పుట్టినప్పుడు నేను నీలంగా అయ్యేదాన్నా అని.

ఆవిడ చెయ్యి చేటలో ఆగిపోయింది. "ఎవరు జెప్పిన్రు?"

"దవాఖానలో డాక్టరు."

మళ్ళీ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఔ. ఎల్లెల్కల పండవెడితే నీలం అయ్యేదానివి. గొంతుల గుర్రుమనేది. అందుకే నా కాళ్ళ మీద బోర్ల పండవెట్టుకున్న. దూదితోని చుక్క చుక్క పాలు పోసిన. తానం పోసేటప్పుడు నీ గదువ కింద రెండేళ్ళు పెట్టి జర ముందటికి పట్టుకుంటే ఊపిరి మంచిగ ఆడేది. గట్ల నలభై దినాలు. నడుము వాల్చలే నేను. తర్వాత నువ్వే మంచిగైనవ్."

"నీకెలా తెలుసు పెద్దమ్మా అలా చెయ్యాలని?"

"నాకు మొదటిది ఆడపిల్లనే బిడ్డా. గట్లనే ఉండె గదువ. మా అత్త దినాం గదువ తీస్తనని గుంజుడు, పొల్ల నీలం అవుడు. పదకొండు దినాలున్నది. నాకప్పుడు ఎరుక లేకపాయె." చేట పక్కకి జరిపింది. "గందుకే నీ గదువ ఎవ్వర్నీ గుంజనియ్యలే."

నాకు ఏడుపు ఆగలేదు. కోపం కూడా ఆగలేదు. "ఇన్నేళ్ళు అమ్మ అన్ని మాటలంటుంటే ఎందుకూరుకున్నావు? ఒక్కసారి చెబితే సరిపోయేది గదా!" అని అరిచినంత పని చేశాను.

"జ్వరంల ఉన్న బాలింతకు, నీ బిడ్డ నిలుస్తదో నిలువదో అని జెప్తరా? మంచిగైనంక జెప్దామంటే, బతికిన బిడ్డ ముంగట చావు ముచ్చట ఎందుకు? నాలుగు మాటలంటే నాకేమైతది? అననీ. మీ అమ్మకు జెప్పకు. నా మీద ఒట్టు. ఇప్పుడు జెప్తే దుఃఖపడ్తది."

ఒట్టు వేశాను. సాయంత్రం దాకా కూడా నిలబెట్టుకోలేదు.

అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నిలబడే మొత్తం చెప్పాను, డాక్టరు మాటా, పెద్దమ్మ మాటా. అమ్మ మధ్యలో అడ్డు తగలలేదు. అది మా ఇంట్లో వింతే. చివరికి, "నీలంగానా?" అని ఒక్కమాట అడిగింది. ఔనన్నాను. చేతిలో కాయ అలాగే పట్టుకుని నా వంక చూస్తూ, "నువ్వెప్పుడూ బోర్లా పడుకుంటావేమిటే అని తిట్టేదాన్ని" అంది. ఆ రోజునుంచి నా గడ్డానికి ఆముదం రాయడం మానేసింది. నేనూ చీటీ మడిచి ట్రంకు పెట్టె అడుగున పడేశాను. కేసే లేనప్పుడు ఆపరేషనెందుకు? కానీ అమ్మ వాకిలి దాటి అవతలికి వెళ్ళలేదు. రోజూ వెళ్తుందేమోనని చూశాను. వెళ్ళలేదు. ఖైరతాబాదు ఆవిడకి వద్దని కబురు పంపలేదు కూడా. నాకు మా అమ్మ మీద అసహ్యం వేసిన రోజులంటూ ఉంటే అవే.

అక్కకి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చాక మంచిరోజు చూసి తొలినీళ్ళు పెట్టుకున్నారు. పొద్దున్నే ఖైరతాబాదు ఆవిడ రిక్షా దిగింది. కాళ్ళు కడుక్కుని, పీట వేయించుకుని, పిల్లని చూసి, "గడ్డం కాస్త లోపలికుంది, నేను తీస్తాను చూడండి, నెల్లో ఎలా వస్తుందో" అంది.

అమ్మ పిల్లని ఆవిడ చేతిలో పెట్టబోతున్నదల్లా ఆగిపోయింది. పిల్లని మళ్ళీ గుండెకి అదుముకుంది. ఆవిడకి తాంబూలం, రవికెగుడ్డ ఇప్పించి, రిక్షా ఎక్కించమని నాన్నకి చెప్పింది. ఆవిడ ఏదో అంటూనే ఉంది. అమ్మ వినకుండా పిల్లని అక్క ఒళ్ళో పెట్టి, వాకిట్లోకి దిగింది. కుళాయి దగ్గర బిందెలతో మావైపు ఆడవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళందరి మధ్యనుంచి నడిచి, అవతలి అరుగు మీద కూరగాయలు తరుగుతున్న పెద్దమ్మ ముందు నిలబడింది. వంగి, రెండు చేతులతో ఆవిడ గడ్డం పట్టుకుంది.

"అక్కయ్యగారూ, అనరాని మాటన్నాను. ఒకసారి కాదు, ఇరవై ఏళ్ళు అన్నాను. నా బిడ్డని బతికించింది మీరు. ఈ పిల్లకీ మీరే నీళ్ళు పోయాలి" అంది. కుళాయి దగ్గర వాళ్ళకి వినబడాలనే గట్టిగా అంది.

పెద్దమ్మ నా వంక చూసింది, ఒట్టు తప్పిన దొంగని పట్టుకున్నట్టు. అమ్మ చేతులు వదల్లేదు. పెద్దమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, గొంతు మాత్రం ఎప్పటిలాగే పెద్దది.

"ఇడువు చెల్లె, ఏందిది! ఈ వయసుల నా గదువ గుంజుతవా ఏంది?"

నవ్విందెవరో, ఏడ్చిందెవరో నాకు గుర్తులేదు. ఎనిమిది నెలల తర్వాత పెద్దమ్మ మా గుమ్మం ఎక్కింది. కొంగు బిగించి, పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపింది. పిల్లని అందుకుని వెల్లకిలా కాదు, ముందు బోర్లా పడుకోబెట్టుకుంది. వంగి, దాని వీపుకి చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. మేమందరం చుట్టూ చేరాం. అమ్మ వేడినీళ్ళ చెంబు పట్టుకుని పక్కన కూర్చుంది.

"ఎలా ఉంది అక్కయ్యగారూ?" అని అడిగింది అమ్మ.

పెద్దమ్మ ఇంకాసేపు విని, తల ఎత్తింది. పిల్లని తిప్పి, రెండు వేళ్ళు దాని గడ్డం కింద పెట్టింది.

"మంచిగున్నది. పొయ్యి చెల్లె, నీళ్ళు పొయ్యి" అంది.